మార్తమ్మ అడిగిన మాట

మా పశువుల దవాఖానలో మార్తమ్మ అటెండరు. కాగితం మీద ఆమె పని తలుపులు తీయడం, ఊడవడం, ఫైళ్లు అందించడం. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్నది మాత్రం వేరు. బెదిరిన బర్రె కొమ్ములు పడుతుంది, కరిచే కుక్క మూతికి గుడ్డ కడుతుంది, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే కన్నడ రైతులకు మందులు ఎట్లా తాగించాలో వాళ్ల మాటల్లోనే చెబుతుంది. నేను అక్కడ డాక్టర్‌ని. పేరు మహిధర్. ఆమెతో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. ఆమె గురించి చెప్పాలని కూర్చున్న ప్రతిసారీ ముందుగా నామీద నాకే చిరాకు వస్తుంది. ఎందుకో చెబుతాను.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలు దారిలో, తాండూరుకు కొంచెం ఇవతల ఉంటుంది మా దవాఖాన. మార్తమ్మది ధారూర్. పుట్టింది మోమిన్‌పేట్ దగ్గర. భర్త యాకోబు ఇదే దవాఖానలో అటెండరుగా ఉండి చనిపోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. ఏడో తరగతి దాకా చదివింది. చేరిన మొదటి వారంలోనే ఎద్దు తంతే మోకాలు వాచి పది రోజులు కుంటింది. అయినా ఇంట్లో కూర్చోలేదు.

ప్రతి ఏడూ పశువైద్యం చదివే పిల్లలు ఆఖరి సంవత్సరంలో మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తారు. కాలేజీ పేరు చెప్పను. ఒక్కో విడతకు ఇద్దరో ముగ్గురో. వాళ్లకు నేర్పించాల్సింది నేను, కనిపెట్టుకొని ఉండేది మార్తమ్మ. ఎవరు పొద్దున తినకుండా వస్తున్నారు, ఎవరికి రక్తం చూస్తే చేతులు వణుకుతున్నాయి, ఎవరు ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నారు, అన్నీ ఆమెకు తెలుసు. నాకు చెప్పేది కూడా. నేను "అలవాటైపోతుంది లే" అనేవాణ్ని.

2019లో శ్రీహరి అనే పిల్లవాడు వచ్చాడు. మార్కుల్లో ముందుండేవాడు. రెండో నెల నుంచి మాట తగ్గింది. రైతులు అడిగినదానికి కూడా తలూపడమే. ఒకరోజు మధ్యాహ్నం తెల్లకోటు మడిచి బల్ల మీద పెట్టి, గమ్‌బూట్లు గోడ పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఐదేళ్ల చదువు, ఇంకో మూడు నెలలుంటే డిగ్రీ చేతికొచ్చేది. తరువాత ఎక్కడో సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేస్తున్నాడని తెలిసింది. కాలేజీ వాళ్లు రిజిస్టరులో ఒక గీత గీశారు, అంతే. నేనూ మరిచిపోయాను.

మార్తమ్మ మరిచిపోలేదు. "పిల్లగాడు సక్కగ లేడని నాకు ఎరికే సారు. అడుగుదామనుకున్న. అటెండర్‌ని, నేనేం అడుగుత అని నోరు మూసుకున్న" అని ఎన్నోసార్లు అన్నది.

సహస్ర 2023 వానాకాలంలో వచ్చింది. ఊరు పూడూరు. నాన్న మల్లయ్యకు అక్కడ ఎరువుల దుకాణం, కొంత పొలం. రోజూ బస్సులో వికారాబాద్ వచ్చి, అక్కడ రైలెక్కేది. ధారూర్‌లో మార్తమ్మ అదే రైలెక్కేది. ఇద్దరూ కలిసి దిగి నడిచి వచ్చేవాళ్లు. సహస్ర నెమ్మదస్తురాలు, పనిమంతురాలు. పుస్తకంలో చదివింది పశువు మీద సరిచూసుకునే దాకా ఊరుకునేది కాదు. మార్తమ్మను ఆంటీ అని పిలిచేది.

ఆగస్టులో ఒక శుక్రవారం నేను మీటింగు కోసం వికారాబాద్ వెళ్లాను. పదకొండు గంటలకు సహస్ర ఫోన్ చేసింది. పక్క ఊరి మొగులమ్మ బర్రె నిన్న సాయంత్రం నుంచి ఈనలేక పడి ఉంది, ట్రాలీలో తెచ్చారు, దూడ తల వెనక్కి తిరిగి ఉంది.

"సార్, మీరు వస్తారా? నాతోని అయితదో కాదో" అన్నది.

ఇంటర్న్ ఒక్కతే అట్లాంటి కేసు చేయకూడదు. అది నాకు తెలుసు. కానీ మీటింగులో నా వంతు ఇంకా రాలేదు. లేచి వెళితే ఏమంటారో అని భయం. "నువ్వు చేయగలవమ్మా, నేను ఫోన్‌లో చెబుతుంటాను, మార్తమ్మ ఉంది కదా" అన్నాను. నాలుగు మాటలు చెప్పేసరికి సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి గంటన్నర గడిచింది.

ఆ గంటన్నరలో ఏం జరిగిందో మార్తమ్మ చెప్పింది. సహస్ర భుజం దాకా చేయి పెట్టి, చెమటలు కక్కుతూ, తల సరిచేసి దూడను బయటికి తీసింది. దూడ అప్పటికే చనిపోయి ఉంది. బర్రె మాత్రం తల ఎత్తి చూసింది. అందరూ గట్టెక్కిందనుకున్నారు. పావుగంటకు బర్రె వణకడం మొదలుపెట్టింది. సహస్ర సెలైన్ పెట్టింది, ఇంజెక్షన్లు ఇచ్చింది, మళ్లీ మళ్లీ నాకు ఫోన్ చేసింది. బర్రె పోయింది.

మొగులమ్మ గుండెలు బాదుకుంది. ఇంట్లో పాడి అంటే ఆ ఒక్క బర్రే. ఏడుస్తూ సహస్రను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆమె అక్క కొడుకు బాల్‌రాజ్ ఫోన్‌లో అంతా తీశాడు. రక్తం నిండిన చేతులతో నిలబడ్డ అమ్మాయి, చుట్టూ అరుపులు. కింద "చదువు రాని డాక్టరమ్మ బర్రెను సంపింది" అని రాసి వాట్సాప్‌లో పెట్టాడు. సాయంత్రానికి ఆ వీడియో తాండూరు దాటి, వికారాబాద్ దాటి, పూడూరులో మల్లయ్య దుకాణం ముందు కూర్చున్నవాళ్ల ఫోన్లలోకి వచ్చింది.

మర్నాడు నేను బర్రెను కోసి చూశాను. గర్భసంచి చినిగి చాలాసేపయింది. దవాఖానకు తేకముందు ఊళ్లో ఎవరో తాడు కట్టి గుంజారు. సహస్ర చేయి పెట్టకముందే ఆ బర్రె బతికే దారి లేదు. ఆ సంగతి రెండు పేజీల రిపోర్టు రాశాను. ఆ రిపోర్టు చదివింది ఎంతమందో నాకు తెలియదు కానీ, వీడియో మాత్రం చూడనివాళ్లు లేరు.

నాలుగో రోజు కాలేజీ నుంచి సహస్రకు మెమో వచ్చింది. పర్యవేక్షణ లేకుండా వైద్యం చేసి సంస్థకు చెడ్డపేరు తెచ్చినందుకు మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలట. నీకెట్లా ఉందమ్మా అని అందులో ఒక్క ముక్క లేదు.

సహస్ర రోజూ వచ్చేది. చెప్పిన పని చేసేది. చేతులు కడుక్కునేది, ఆరకముందే మళ్లీ కడుక్కునేది. మందుల గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకొని సీసాలు సర్దిందే సర్దేది. ఎవరన్నా ఫోన్ ఎత్తి పట్టుకుంటే మొహం తిప్పుకొని లోపలికి పోయేది. "కొద్ది రోజులు పోతే కుదుటపడుతుంది, మేమూ ఇవన్నీ పడ్డవాళ్లమే" అన్నాను నేను. మార్తమ్మ నావైపు అదోరకంగా చూసి చీపురు అందుకుంది.

మెమో వచ్చిన తరువాతి సోమవారం పొద్దున. ధారూర్ స్టేషన్‌లో రైలు ఆగింది. మార్తమ్మ ఎక్కబోతుంటే సహస్ర దిగింది.

"గిదేంది బిడ్డా, ఈడ దిగినవ్?"

"కాళ్లు ఆడుతలేవ్ ఆంటీ. మీరు పోండ్రి. నేను తర్వాత వస్త."

రైలు వెళ్లిపోయింది. మార్తమ్మ ఎక్కలేదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మార్తమ్మ తన డబ్బాలోని రొట్టె తీసి సగం ఇచ్చింది. సహస్ర పట్టుకుంది కానీ తినలేదు. అరగంట గడిచింది. చివరికి మార్తమ్మే అడిగింది.

"బిడ్డా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు. సచ్చిపోవాల్నని అనిపిస్తుందా?"

సహస్ర పట్టాల అవతలి చెట్లవైపు చూసింది.

"రోజూ గాదు ఆంటీ" అన్నది.

"ఇయ్యాల?"

"పొద్దుగాల అనిపించింది."

అప్పుడు ఏడ్చింది. బర్రె పోయినప్పుడు కూడా ఏడవని పిల్ల, స్టేషన్‌లో మనుషులు చూస్తున్నా ఆపుకోకుండా ఏడ్చింది. మార్తమ్మ ఊరుకోమనలేదు.

తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. "సారు, ఇయ్యాల నేను రాను. తాళం చెవి పక్క కిరాణం దుకాణంల ఉంది. పిల్ల నాతాన్నే ఉంది."

ఆరోజు తనిఖీ ఉంది. నేను గట్టిగా అరిచాను. అప్పుడు విషయం చెప్పింది. నేను ఇంకా బెదిరిపోయాను.

"అట్లా మొహం మీద అడుగుతరా ఎవరన్నా? లేని ఆలోచన పుట్టిస్తే?"

"నేను అడిగితే పుట్టలే సారు. లోపలున్నదే బయటికి చెప్పింది. యాకోబు పోయినంక నన్ను గిట్లనే ఒక నర్సమ్మ అడిగింది. ఆమె ఒక్కతే అడిగింది. గందుకే ఇయ్యాల ఈడ కూసున్న."

ఆమె ఫోన్ పెట్టేసి, సహస్రతో కలిసి ఎదురు రైలెక్కి వికారాబాద్ వెళ్లింది. అక్కడ మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ ఉందని చర్చిలో ఎవరో చెబితే విన్నదట. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ సహస్రతో గంట మాట్లాడింది. మందులు రాసింది. వారం వారం రమ్మన్నది. నెలన్నర సెలవు కావాలన్నది. ఒంటరిగా వదలొద్దని, ఇంట్లోవాళ్లకు చెప్పాలని మార్తమ్మతో అన్నది. ఏ వేళయినా మాట్లాడటానికి 14416 నంబర్ ఉందని కాగితం మీద రాసిచ్చింది. ఆ వారంలో సహస్ర రెండుసార్లు ఆ నంబర్‌కు చేసిందట. అవతల తెలుగులో మాట్లాడే మనిషి తొందరపెట్టకుండా విన్నదని తరువాత చెప్పింది.

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తరువాత మేం ఎక్కడికి పోయినా గోడే.

ముందు ఇల్లు. మార్తమ్మ సహస్రను పూడూరులో దిగబెట్టి మల్లయ్యతో మాట్లాడింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ "ఏం తక్కువ జేసినమమ్మా? అడిగిందల్లా ఇచ్చినం. దుకాణంల కూసున్నోళ్లు ఆ వీడియో నాకే సూపిస్తుండ్రు. ఇప్పుడు పిచ్చి దవాఖానకు పోయిందని తెలిస్తే ఇంకేమంటరు?" అన్నాడట.

"ఏమన్నా అననీ. పిల్ల ఉంటది గదా" అన్నది మార్తమ్మ.

ఆయన మందులకు అడ్డం చెప్పలేదు, వారం వారం తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు. అయితే చుట్టాలకు మాత్రం కామెర్లని చెప్పుకున్నారు.

తరువాత మొగులమ్మ ఇల్లు. వీడియో తీసేయించాలని మార్తమ్మ ఒక్కతే వెళ్లింది. మొగులమ్మ వాకిట్లో కూర్చొని కందిపప్పు చెరుగుతోంది.

"నా బర్రె పోయింది. పిల్లకు మనసు బాగలేదని వచ్చినవ్. నా మనసు ఎట్లుందని ఎవరన్న వచ్చిండ్రా?" అన్నది.

మార్తమ్మ ఇంకో చాట తీసుకొని పక్కన కూర్చున్నది. వచ్చి నాతో, "ఆమె తప్పేం అనలే సారు. మనం పోవాల్సింది, పోలే" అన్నది. బాల్‌రాజ్ మాత్రం సిగ్గుపడ్డాడు. అక్కడే తన ఫోన్‌లోంచి వీడియో తీసేశాడు. "కాని ఆంటీ, అది మస్తు గ్రూపులల్ల తిరుగుతుంది. నేను తీస్తే పోదు" అన్నాడు. నిజమే, పోలేదు. ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంది.

ఇక కాలేజీ. విద్యార్థుల సంక్షేమానికని నోటీసు బోర్డు మీద ఒక నంబర్ ఉంటుంది. మార్తమ్మ నాలుగు రోజులు చేసింది. ఎత్తలేదు. ఐదో రోజు ఎత్తినాయన, కౌన్సిలర్ పోస్టు రెండేళ్లుగా ఖాళీ అని, దరఖాస్తు రాసి పెట్టమని చెప్పాడు. ఆమె సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకొని కాలేజీకి బయలుదేరింది. వెంటబెట్టుకొని అనడమే సరి. నా అంతట నేను పోయేవాణ్ని కాదు.

ఒక పెద్ద అధికారి మమ్మల్ని కూర్చోబెట్టాడు. నన్ను కూర్చోబెట్టాడు, మార్తమ్మ నిలబడింది.

"మా దగ్గర కమిటీ ఉందండీ, ఆరుగురు మెంబర్లు. పోయిన నెలే రెండు గంటలు మోటివేషన్ క్లాస్ పెట్టించాం" అని ఫొటోలు చూపించాడు. "అసలు ఈ కాలం పిల్లలు మరీ సున్నితం. ఈ చదువుకు గుండె గట్టిగా ఉండాలి."

మార్తమ్మ అడిగింది. "సారు, చేతులల్ల పశువు సచ్చిపోతే ఆ పొద్దు ఏం జెయ్యాల్నో, ఎవరితోని చెప్పుకోవాల్నో ఏ క్లాసుల చెప్తరు?"

ఆయన ఆమెవైపు మొదటిసారి చూశాడు. "మీరెవరు?"

"అటెండర్‌ని సారు."

ఆయన నావైపు తిరిగాడు. "డాక్టర్ గారూ, స్టాఫ్‌ను పని మాన్పించి ఇట్లా తిప్పుతారా?"

"ఆమె సెలవు పెట్టింది సర్" అన్నాను.

ఆ గదిలో నేను చెప్పగలిగింది ఎంతో ఉంది. ఆ రోజు ఆ పిల్లను ఒంటరిగా వదిలింది నేను అని చెప్పాల్సింది. మెమో నాకివ్వండి అని చెప్పాల్సింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి అని నిలదీయాల్సింది. ఆమె సెలవు పెట్టింది అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మార్తమ్మ నా పక్క సీటులో కూర్చోలేదు.

రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఉత్తరం రాశాను. ఫోన్‌లో కేసు చేయమన్నది నేనేనని, తప్పు నాదని రాసి, బర్రె రిపోర్టు జతచేసి, కాలేజీకీ మా పైవాళ్లకూ పంపాను. నాకొక మెమో వచ్చింది. రావాల్సిందే. సహస్ర మెమో ఏమైందంటే, "హెచ్చరికతో ముగించడమైనది" అని రాసి పంపారు. చేయని తప్పుకు హెచ్చరిక ఏమిటని అడిగితే ఫైలు మూసేశామన్నారు. సెలవు రోజులను గైర్హాజరు కింద లెక్కవేసి, ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయాలన్నారు. డాక్టరమ్మ సర్టిఫికెట్ పంపితే, జ్వరమైతే ఒప్పుకుంటాం, దీనికి రూలు లేదన్నారు.

మార్తమ్మకు ఒళ్లు మండింది. "కాలు ఇరిగితే సెలవిస్తరు, మనసిరిగితే ఇయ్యరా?" అని దవాఖాన అంతా వినపడేట్టు అరిచింది. దానివల్ల ఎవరూ ఏమీ మార్చలేదు.

సహస్ర నెలన్నర ఇంట్లో ఉంది. మొదటి మూడు వారాలు ఏమీ మారలేదు. మందులు పడలేదు, మార్చారు. ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ లక్ష్మమ్మ మార్తమ్మకు ఫోన్ చేసి, "ఇయ్యాల ఆకలైతుందన్నది" అని చెప్పి ఏడ్చింది. తరువాత కొద్దికొద్దిగా తేరుకుంది. నవంబరులో మళ్లీ మా దగ్గరికే వస్తానన్నది. వేరే చోటికి పొమ్మని నేనే సలహా ఇచ్చాను. ఆమె వినలేదు.

ఆమె వచ్చేలోపు మార్తమ్మ నన్ను కొన్ని విషయాలకు ఒప్పించింది. ఇంటర్న్‌ను ఒంటరిగా కేసుకు వదలకూడదు. నేను లేకపోతే పశువును తాండూరు పంపాలి, ఎంత తిట్టినా సరే. పశువు చనిపోతే రైతుతో మాట్లాడాల్సింది నేను, పిల్లలు కాదు. తరువాత వాళ్లతో కూర్చొని ఏం జరిగిందో చెప్పుకోవాలి. ఇవేవీ పెద్ద సంగతులు కావు. ఒక పూటలో నేను ఎప్పుడో చేయగలిగినవి. అన్నేళ్లూ చేయలేదు.

సహస్ర తన తోటివాళ్లకంటే ఐదు నెలలు ఆలస్యంగా డిగ్రీ తీసుకుంది. ఇప్పుడు తాండూరులో ఒక ల్యాబులో రక్తం, పాలు పరీక్షచేసే పని చేస్తోంది. పెద్ద పశువుల దగ్గరికి ఇంకా పోలేదు. రెండు నెలలకోసారి డాక్టరమ్మ దగ్గరికి వెళుతుంది. పోయిన నెల మా దవాఖానకు వచ్చినప్పుడు, టీ తాగుతూ నాతో మామూలుగానే అన్నది.

"సార్, ఆ రోజు మీరు రావాల్సింది."

"అవునమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మార్తమ్మ వచ్చే జూన్‌లో రిటైర్ అవుతుంది. కాలేజీలో కౌన్సిలర్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. అది నింపమని నేను కాలేజీకి రాస్తూనే ఉన్నాను. మొన్న వచ్చిన ముగ్గురు పిల్లల్లో ఒకమ్మాయి ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. మార్తమ్మ ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని అదే మాట అడిగింది. అట్లాంటిదేం లేదట, ఇంటి మీద బెంగట, అయినా ఒక కన్నేసి ఉంచమని నాకు చెప్పింది. నేను కాలేజీకి మళ్లీ ఉత్తరం రాయబోతుంటే ఆమె టేబుల్ మీద చేయి పెట్టి ఆపింది.

"ఎన్ని రాస్తవ్ సారు? పద్నాలుగు రాసినవ్. ఒక్కదానికన్న జవాబొచ్చిందా? పోయి కూసో ఆడ. లెవ్వకు. నేను జూన్ల పోయినంక ఈ పిల్లలను ఎవరు అడుగుతరు?"

గురువారానికి సెలవు పెట్టాను. ఈసారి ఒక్కణ్నే వెళుతున్నాను. ఆ అధికారి ఏమంటాడో నాకు ముందే తెలుసు, మళ్లీ ఫొటోలు చూపిస్తాడని కూడా తెలుసు. అయినా సరే, ఆ రోజు మార్తమ్మ అడిగినదానికి జవాబు చెప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవకూడదని అనుకుంటున్నాను.